తండ్రి నోట తొలి మాట

నేను తాతనయ్యాను! ఆనందంతో కాలు ఒకచోట నిలవడం లేదు. ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరిగి, నర్సమ్మ చేత చీవాట్లు తిని, చివరికి గదిలోకి వెళ్లాను.

మా అల్లుడు వేరే దేశంవాడు, వేరే జాతివాడు. రొట్టెల దుకాణంలో పని. "తండ్రి నోట పాప వినే తొలి మాట తెలుగే కావాలి" అని నేను పట్టుబట్టినప్పటి నుంచీ పిండి పిసుకుతూనే తెలుగు వల్లె వేస్తున్నాడు, పాపం.

"కానీయ్ నాయనా, నా గుండె ఆగేట్టుంది!" అన్నాను.

అతను పాపను గుండెకు పొదువుకుని, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా కూడబలుక్కుంటూ అన్నాడు: "నల్లగా ఉన్నా... బంగారంలాంటి పిల్ల."

మంచం మీద మా అమ్మాయి కళ్లు మూసుకుంది.

"అదేం మాటయ్యా! ఎవరు నేర్పారు నీకు?"

"మీరే మామయ్యా!" అతని ముఖం వెలిగిపోతోంది. "మీ స్నేహితులందరికీ నన్ను అలాగే పరిచయం చేస్తారు కదా, నల్లగా ఉన్నా బంగారంలాంటి అల్లుడని. తెలుగులో అంతకన్నా పెద్ద మెప్పు నేను వినలేదు."

పాపను నా చేతుల్లో పెట్టి, "ఇక మీరు చెప్పండి" అన్నాడు.

నిమ్మకు నీరెత్తినట్టు నిద్రపోతోంది నా తల్లి.

"బంగారం," అన్నాను. ఇంకేదో చేర్చబోయిన నాలుకను పళ్ల మధ్య బిగబట్టి, మళ్లీ అన్నాను, "బంగారం."

అమ్మాయి కళ్లు తెరిచింది. ఇంకేమైనా అంటానేమోనని నా నోటివైపే చూస్తోంది.