తిట్టని ఆస్పత్రి

“తాతగారూ, మా ఆస్పత్రికి ఎన్ని స్టార్లిస్తారు?” ఫోన్ పట్టుకుని అడిగింది ఆస్పత్రి అమ్మాయి స్వాతి.

“ఎన్నుంటే అన్నీ యేసీయమ్మా!” అన్నాడు మంచం మీది తవిటయ్య. “రైలాస్పత్రిల ఒకటే తిట్లు. బీడీ మానెయ్, లెగు, నడు, సూదికి సెయ్యి సాపు! ఇక్కడో? ఒక్కలు కసిరితే ఒట్టు. నిన్న సేప యేపుడు తిన్నానా, ఇంకో ముక్కెట్టమంటావా తాతా అన్నాది సిస్టర్ దీదీ. సేవంటే ఇదీ!”

పక్కన స్టూలు మీదున్న భార్య గంగాభవాని నవ్వింది. ఆ నవ్వు వెనకాల ఏడుపు ఆవిడకే తెలుసు.

రైల్వే ఆస్పత్రి వద్దే వద్దని, పట్టుబట్టి ఈ అద్దాల ప్రైవేటు ఆస్పత్రికి తెచ్చింది ఆవిడే. చేరిన రోజే డాక్టరు బయటికి పిలిచి, ఇక చేసేదేమీ లేదమ్మా, అడిగింది పెట్టండి అన్నాడు.

కనిపించిన వాళ్లందరికీ చేతులు జోడించింది, ఆయన చెవిన పడనివ్వొద్దని. తవిటయ్య అన్న నూకయ్య ఇదే జబ్బు పేరు విన్ననాడు ముద్ద మానేసి, వారం తిరక్కుండా పోయాడు. ఈయనా అంతే అవుతాడని ఆవిడ భయం.

అందుకే ఇక్కడ ఎవరూ కసరరు. బాగుపడే రోగినే కదా ఎవరైనా కసిరేది!

“ఏటే బవానీ, అలాగున్నావు? ఇక్కడికి తెచ్చి మంచి పని సేసినావే. లెగిసి తిరిగినాక గోల్‌బజార్ల నీకు కొత్త కోక కొంతాను.”

“సాల్లే మావా, సంబడం!” కొంగుతో మొహం తుడుచుకుంది. అమ్మయ్య, పసిగట్టలేదు. దేవుడు చల్లగా చూశాడు.

స్వాతి వెళ్లిపోయింది. తవిటయ్య కునుకు తీశాడు. అటు ఒత్తిగిల్లగానే దిండు కింద నుంచి సుద్దముక్క జారి నేల మీద పడింది. వ్యాగన్ వర్క్‌షాపులో ఉద్యోగం అయిపోయి ఏళ్లయినా, పక్కన సుద్దముక్క లేకపోతే ఈ మనిషికి నిద్రపట్టదు. మళ్లీ లేచి వెతుక్కుంటాడని తియ్యడానికి వంగింది గంగాభవాని.

ఆయన చెయ్యి అందేచోట, మంచం ఇనప పట్టీ మీద, రోజూ తుడిచే గుడ్డ తగిలి సగం చెరిగిపోయి కనిపించింది, ఇక బాగుచెయ్యలేమని తుక్కుకు పంపే వ్యాగన్ల మీద తవిటయ్య ఉద్యోగమంతా వేసిన ఇంటూ గుర్తు.