వైరేయా నడుము

నలభై ఎనిమిదేళ్ల వయసులో నేను మా తాహితీ దీవి నాట్యబృందంలో చేరింది కళ మీద ప్రేమతో కాదు. మా ఆయన మనుతాహి ఆ బృందంలో పెద్ద డోలు వాయిస్తాడు. వాయించినంతసేపూ ముందు వరుసలో ఆడే వైరేయా అనే అమ్మాయి నడుము మీంచి చూపు తిప్పడు. ఇంట్లో నేను ఎదురుగా నిలబడి పిలిస్తే గానీ పలకడు.

మూడు నెలలు కొత్తవాళ్ల వరుసలో మోకాళ్లు వంచి, భుజాలు కదలకుండా నడుము తిప్పాను. ఒళ్లు పులిసిపోయింది గానీ కడుపుమంట తగ్గలేదు.

నిన్న వైరేయా రాలేదు. ఎవరూ పిలవకుండానే వెళ్లి ఆమె చోట నిలబడ్డాను. ఆయన నా నడుమే చూశాడు. డోలు తాళం తప్పింది. ఆట ఆగిపోయింది.

ఇంటికొచ్చాక అడిగాను. "నన్ను చూస్తే చేతులాడవా నీకు?"

"నువ్వు తప్పావే. అందుకే నేనూ తప్పాను."

"పక్కన అంతమంది వాయిస్తున్నారుగా. విని వాయించొచ్చుగా."

ఆయన నా పెదాల వంకే చూస్తున్నాడు. "వినపడక ఏడాదైంది. జులై పండగలో మన ఆట అయ్యేదాకా ఎవరికీ చెప్పకే, డోలు లాగేసుకుంటారు."

ఇవాళ వైరేయా వచ్చి ఓ పక్కగా నిలబడింది. నేనే భుజాలు పట్టుకుని తీసుకెళ్లి, మా ఆయనకి సరిగ్గా ఎదురుగా నిలబెట్టాను.

"ఇక్కణ్ణుంచి కదలకు," అన్నాను.

కడుపు మండుతూనే ఉంది.