ఎలెని గారింటి దీపం

“అయ్యయ్యో, దీపం కొండెక్కిందే సుధా!”

పక్కింటి పిల్లికి తిండి పెట్టడానికి కోడలి వెంట వచ్చిన చాముండేశ్వరి, హాల్లో పటం ముందు నిలబడి లబలబలాడింది. పటంలో బిడ్డనెత్తుకున్న తల్లి. దాని ముందు గొలుసులతో వేలాడుతున్న ఎర్ర గాజు ప్రమిద. అందులో నూనె చుక్క లేదు, వత్తి మాడి మసై ఉంది.

“ఎలెని గారు హాస్పిటల్‌కి వెళ్ళి నాలుగు రోజులైంది కదత్తయ్యా. నూనె పోసేవాళ్ళెవరున్నారు?” అంది సుధ, పిల్లి గిన్నె నింపుతూ.

“అదేనే నా బాధ! అక్కడ ఆవిడకి తుంటి ఆపరేషన్, ఇక్కడ ఆరిపోయిన దీపం. ఎంత అశుభం! మనింటికెళ్ళి నువ్వుల నూనె పట్రా.”

“వాళ్ళు గ్రీకులు. దీపానికి ఆలివ్ ఆయిలే వాడతారు.”

చాముండేశ్వరి మొహం చిట్లించింది. “సలాడ్‌లో పోసుకునేదా? దేవుడికా?”

“పూర్వం వాళ్ళ దేశంలో ఒక దేవత ఆ చెట్టు మొలిపించి ఇచ్చిందట. జనం మెచ్చి ఊరికి ఆవిడ పేరే పెట్టుకున్నారట. ఎలెని గారే ఫెన్స్ దగ్గర ఒకసారి చెప్పారు. ఇప్పుడు వాళ్ళ చర్చిలోనూ అదే నూనె.”

“అమ్మవారిచ్చిన చెట్టా! ఆ ముక్క ముందే ఏడవచ్చుగా.”

వంటింట్లో నూనె డబ్బా దొరికింది. చాముండేశ్వరి జిడ్డు పట్టిన ప్రమిదని రుద్ది రుద్ది కడిగింది. దూది మోకాలి మీద పేని వత్తి చేసి, దీపం వెలిగించి దణ్ణం పెట్టుకుంది.

“మనుషుల్లేని ఇంట్లో దీపం పెట్టి ఎలా వెళ్తాం? ఇది చెక్క ఇల్లు,” అంది సుధ.

“వెళ్ళేదెవరు? ఆవిడొచ్చేదాకా నేనిక్కడే ఉంటాను.”

“మరి కాపెల్ ఊరి ప్రయాణం? రాగిణి వాళ్ళ పాప బర్త్‌డేకి ఫ్లైట్ బుక్ చేశాం కదా!”

“క్యాన్సిల్ చెయ్యి. నా కూతురికి నేను చెప్పుకుంటాలే. ఇదిగో, దీపం ఆరిన సంగతి మాత్రం ఆవిడకి చచ్చినా చెప్పకు. పెద్దప్రాణం, బెంగ పెట్టుకుంటుంది.”

అమెరికా చూడటానికి వచ్చిన మనిషి ఎనిమిది రోజులు ఆ దీపాన్ని చూస్తూ కూర్చుంది. సుధ మంచులో పడుతూ లేస్తూ క్యారేజీ తెచ్చేది. పడక సోఫాలోనే. పిల్లి మొదట మూతి తిప్పుకున్నా, మూడోరోజుకి పెరుగన్నానికి లొంగిపోయి ఒళ్ళోకి చేరింది. వత్తి కాస్త రెపరెపలాడితే చాలు, చాముండేశ్వరి నూనె డబ్బా పట్టుకుని పరిగెత్తేది. ఒక్కసారి కూడా పలకరించుకోవడానికి భాష కుదరని ఆ ముసలావిడ మీద ఆమెకి ఎందుకో అంత ప్రేమ పుట్టింది.

తొమ్మిదో రోజు ఎలెని వాకర్ పట్టుకుని లోపలికి వచ్చింది. పటం వైపు చూసి ఉన్నచోటే ఆగిపోయింది.

“ఇది ఎప్పట్నుంచి వెలుగుతోంది?” అంది ఇంగ్లీషులో.

“మీరు వెళ్ళిన దగ్గర్నుంచీ,” అంది సుధ తడుముకోకుండా. “నూనె తగ్గగానే పోస్తూ వచ్చాం. ఒక్క నిమిషం కూడా ఆరలేదు.”

చాముండేశ్వరికి ఇంగ్లీషు రాకపోయినా ఆ అబద్ధం బాగానే అర్థమైంది. అవునవునని గట్టిగా తలూపింది.

ఎలెని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నవ్వుతూనే ఉంది, కన్నీళ్ళు మాత్రం ధారలు కడుతున్నాయి. చాముండేశ్వరి చేతిలోని డబ్బా అందుకుని, ప్రమిదలో కాస్త నూనె పోసింది. తర్వాత ఆమెని దగ్గరికి లాక్కుని గట్టిగా వాటేసుకుంది.

“మీ అత్తగారికి చెప్పు సుధా,” అంది. “మా ఆయన పోయిన రోజు దేవుడితో పోట్లాడి, ఆ దీపాన్ని నా చేత్తో నేనే ఆర్పేశాను. ఆరేళ్ళయింది.”