విచ్చుకోని టోర్టెల్లీనీలు

క్రిస్మస్ ముందురోజు. పొద్దుటినుంచీ టోర్టెల్లీనీలు చుట్టి చుట్టి నా నడుం పడిపోయింది.

బల్లకి అటువైపు మా అత్తయ్య అర్జియా. మోడెనా ఊళ్ళో మా వీధి వీధంతటా ఆవిడ చేతిపనికి పేరు. ఈ ఏడు ఆ చేతులు వణుకుతున్నాయి. పల్చటి పిండిముక్కలో మాంసం ముద్ద పెట్టి, చిటికెన వేలికి చిన్న బొడ్డులా చుట్టి వదులుతోంది గానీ ఒక్కటీ సరిగ్గా మూసుకోవడం లేదు. రేపు కోడిచారులో పడితే అన్నీ విచ్చుకుంటాయి. చుట్టాలందరి ముందూ ఆవిడ పరువు పోతుంది.

"జెలిండా, నీవి ఇంకా ఎద్దు బొడ్డుల్లాగే ఉన్నాయే!" అంది. కాపురానికి వచ్చినప్పటినుంచీ వింటున్న దెప్పే.

"ఎలా ఉంటేనేం? ఇన్నేళ్ళలో నావి ఒక్కటైనా చారులో విచ్చుకుందా అత్తయ్యా?" అన్నాను విసుగ్గా.

ఆవిడ నవ్వింది. కాసేపటికి కుర్చీలోనే కునికింది.

ఓపిక లేకపోయినా ఆవిడ పళ్ళెం నావైపు లాక్కుని, ఒక్కొక్కటే మళ్ళీ నొక్కసాగాను. పిండి ఆరిపోయింది, అంటుకోవడం లేదు.

"వేలు తడి చేసుకోవే," అంది అత్తయ్య, కళ్ళు తెరవకుండానే. "నువ్వు పడుకున్నాక నీవి నేనలాగే మూసేదాన్ని."