గేటుకి కట్టిన బిర్చి

"రేపు పొద్దున గేటుకి కొమ్మ లేకపోతే నేను వెళ్ళిపోతానక్కా," అంది హెడ్వికా, పెట్టెలో బట్టలు సర్దుతూ.

మంచంలో ఉన్న క్వేతా నవ్వింది. "అరవై దాటాక పెళ్ళికూతురివి. వెళ్ళవే, నిన్నెవరు పట్టుకున్నారు?"

పట్టుకున్నది ఆ కొమ్మే. ఆ ఊళ్ళో ఏప్రిల్ ఆఖరి రాత్రి కుర్రాళ్ళు, మనసుపడ్డ పెళ్ళికాని పిల్లల గేట్లకి చిన్న బిర్చి చెట్టు నరికి తెచ్చి కడతారు. ఆ కొమ్మకి ముడతల రంగు కాగితాలు వేలాడదీస్తారు. యారోమీర్ అనే కుర్రాడు ఆమె గేటుకి కట్టిన ఏడు హెడ్వికాకి ఇరవై. ఆ ఆగస్టులోనే దేశంలోకి పరాయి సైన్యం ట్యాంకులొచ్చాయి, అతను సరిహద్దు దాటిపోయాడు. తను మరిచిపోనంత కాలం ఎవరిచేతనైనా ఏటా కొమ్మ కట్టిస్తానని, అది కనబడినన్నాళ్ళూ ఎదురుచూడమని చెప్పి మరీ వెళ్ళాడు.

ఏటా కనబడింది. కడుతున్నది అతని స్నేహితుడు, కమ్మరి అలోయిస్ అని ఊరంతా అనుకుంది. అడిగితే అలోయిస్ బీరు గ్లాసులోకి చూసి నవ్వేవాడు తప్ప అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ కొమ్మని నమ్ముకుని హెడ్వికా మొదట మిల్లులో పనిచేసే అబ్బాయిని వద్దంది, తర్వాత బడిపంతుల్ని వద్దంది. సరిహద్దు తెరిచాక, వెళ్ళినవాళ్ళు చాలామంది వచ్చి చూసిపోయారు. యారోమీర్ రాలేదు. కొమ్మ మాత్రం మానలేదు.

ఈ చలికాలం అలోయిస్ పోయాడు. ఇక కట్టేవాళ్ళు లేరన్న ధైర్యంతోనే హెడ్వికా పెట్టె తీసింది. పక్క ఊళ్ళో తేనెటీగలు పెంచే బెడ్రిహ్, భార్య పోయినవాడు, పెళ్ళి చేసుకోమని చాన్నాళ్ళుగా అడుగుతున్నాడు. పొద్దున్నే కారు తెస్తానన్నాడు. క్వేతా కోసం పట్నంలో వృద్ధాశ్రమంలో మాట్లాడిపెట్టాడు కూడా. ట్యాంకులొచ్చిన ఏడే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి క్వేతా. నిరుడు మెట్ల మీద పడ్డప్పటినుంచి చెల్లెలి భుజం లేనిదే మంచం దిగలేదు.

"అక్కడ బాగా చూస్తారక్కా. ఆదివారం ఆదివారం వస్తాను."

"వస్తావులే," అని క్వేతా గోడవైపు తిరిగింది. "దీపం ఆర్పు."

రాత్రంతా వాన కురిసింది.

తెల్లవారగానే హెడ్వికా బయటికి వచ్చింది. గేటుకి బిర్చి ఉంది. ఎప్పటికంటే చిన్నది, ఆమె భుజం దాకా కూడా రాదు. తీగతో వంకరగా కట్టి ఉంది. వానకి ఎర్ర కాగితాల రంగు దిగి, గేటు చెక్కల మీద చారలు కట్టింది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. అలోయిస్ లేడు, మరెవరు? ఆ ముడి చూస్తే వణికే ముసలి చేతుల పనని తెలుస్తూనే ఉంది. అయితే యారోమీరే వచ్చాడన్నమాట. రోడ్డుకి ఆ చివరా ఈ చివరా చూసింది. ఎవరూ లేరు.

బెడ్రిహ్ కారు దిగి, కొమ్మని చూసి టోపీ తీశాడు. "కుర్రాళ్ళ వేళాకోళం అయ్యుంటుంది హెడ్వికా."

"కుర్రాళ్ళ కట్టు కాదండీ ఇది. మీరు వెళ్ళండి."

"మళ్ళీ అడగను."

"తెలుసు."

టోపీ పెట్టుకుని, కారు వెనక్కి తిప్పుకుని అతను వెళ్ళిపోయాడు. హెడ్వికా లోపలికి వచ్చి పెట్టెలోని బట్టలన్నీ తిరిగి బీరువాలో పెట్టింది. పాలు కాచి అక్క మంచం దగ్గరికి తెచ్చింది.

"యారోమీర్ వచ్చాడక్కా. ఈసారి తనే కట్టాడు. సిగ్గుపడి వెళ్ళిపోయాడేమో, మళ్ళీ వస్తాడు."

"మరిచిపోయే మనిషి కాదని నేనెప్పుడూ చెబుతూనే ఉన్నాగా," అంది క్వేతా. ఈకల దుప్పటి గడ్డం దాకా లాక్కుని ఉంది. "కారు వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయింది."

క్వేతా దుప్పటి తొలగించి, పాలకప్పు కోసం రెండు చేతులూ చాపింది.

అరచేతుల నిండా ఎర్రరంగు.