ఈ వారం కుక్క

కౌంటీ సమావేశం మధ్యలో కమిషనర్ డార్లీన్, దిక్కులేని కుక్కల షెల్టర్ నుంచి తెప్పించిన కుక్కను బల్ల మీదికెక్కించింది. "ఈ వారం మన కుక్క ఇదే. ఎవరు పెంచుకుంటారు?"

కుక్క కిందికి దూకి, పరుగున వెళ్లి వెనక వరుసలోని ముసలి వెండెల్ ఒళ్లో వాలింది. జనం నవ్వారు.

"మిమ్మల్ని ఎరిగినట్టుందే వెండెల్ గారూ. మీదా?" అంది డార్లీన్.

శుభ్రత పేరుతో అతను ఉంటున్న చక్రాల ట్రైలర్ ఇల్లు పీకించింది డార్లీనే. బదులుగా కౌంటీ ఇచ్చిన గదిలో కుక్కలు ఉండకూడదని నియమం పెట్టిందీ ఆమే.

"నాది కాదు మేడమ్." వెండెల్ చెయ్యి మాత్రం దాని చెవుల వెనక గోకుతూనే ఉంది. "ఉరిమితే మంచం కిందికి దూరుతుంది. తీసుకెళ్లేవాళ్లతో చెప్పండి."

డార్లీన్‌కు అర్థమైంది. వెళ్లి కుక్క మెడపట్టీ పట్టుకుని వెనక్కి లాక్కొచ్చి, మైకు అందుకుంది.

"చూశారుగా, ముక్కూమొహం తెలియనివాళ్లతో కూడా ఎంత చనువో."