గోడ మీది వార్తలు

వీధి చివర గోడెక్కి కాకి రోజూ పొద్దున్నే వార్తలు అరిచేది. ఎక్కడ మ్యాన్‌హోల్ మూత తీసుందో, ఏ ఇంటి వెనక అన్నం పారబోశారో అన్నీ చెప్పేది.

"నీ గోలకి నా పిల్ల ఉలిక్కిపడి లేస్తోంది. నోరు మూసుకో వదినా!" అని కసిరింది పిల్లి. కాకి చిన్నబుచ్చుకుని మానేసింది.

ఒకరోజు పిల్లికూన కనబడలేదు. చూస్తే వీధిలో మ్యాన్‌హోల్ మూత తీసుంది! పిల్లి గోడ దగ్గరికి పరుగెత్తింది.

"వదినా, పిల్ల కనబడట్లేదు. ఒక్కసారి అరిచి అడుగు!"

కాకి గొంతు చించుకుంది. పక్కవీధి గోరింక బదులిచ్చింది: "ఇక్కడుంది! ఇస్త్రీబండి కింద వెచ్చగా నిద్రపోతోంది!"

పిల్లికి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు కాకి గోడ మీద మాట్లాడకుండా కూచుంది.

"వార్తల్లేవా?" అడిగింది పిల్లి.

"పిల్ల పడుకుందిగా."

"లేస్తే లేస్తుందిలే. చెప్పు వదినా."